నేను వినని ప్రశ్న

కోలారు దగ్గర చాంపియన్ రీఫ్స్‌లో బంగారు గని మూతపడి నా ఎలక్ట్రీషియన్ ఉద్యోగం పోయాక, పల్లెల్లో బోరు మోటార్లు బాగుచేస్తూ బతికేవాణ్ణి. ఒకసారి లక్కూరు నుంచి నారాయణమ్మ అనే రైతు కబురు పంపింది. ఆమె మోటారు మాటిమాటికీ ఆగిపోతోంది. టమోటా తోట పూత మీదుంది.

స్టార్టర్ మూత లోపల సర్క్యూట్ బొమ్మ అంటించి ఉంది. అలాంటిది నేనెప్పుడూ చూడలేదు. గంటసేపు చూసినా అందులోని చిన్న పెట్టె ఎందుకో అంతుబట్టలేదు. తెలియదని ఒప్పుకోవడానికి నామోషీ. స్టార్టర్‌లోని ఆ పెట్టెను తప్పించి, దాని రెండు తీగలూ నేరుగా కలిపేశాను. మోటారు ఆగకుండా నడిచింది.

నారాయణమ్మ బొమ్మ మీద వేలు పెట్టింది.

“ఈ గీత పెట్టెలో దూరే కదప్పా మోటారుకు పోతా ఉండాది? ఏదో చెడ్డదానికే ఆ పెట్టె ఆపతా ఉండాదేమో?”

“ఇరవై ఏండ్లు గనిలో చేసినోణ్ణి. నాకే నేర్పిస్తావామ్మా?” అన్నాను. తోటలోని కూలీలు పకపకా నవ్వారు. ఆమె తల దించుకుంది.

మూడో రోజు మోటారు కాలిపోయింది. కరెంటు మూడు ఫేజుల్లో ఒకటి పోతే మోటారును ఆపి కాపాడేదే ఆ పెట్టె అని, కోలారు నుంచి వచ్చిన మెకానిక్ నా ఎదుటే చెప్పాడు.

“ఆ పొద్దే అడిగినాను కదప్పా,” అంది నారాయణమ్మ. కొత్త మోటారు దిగేలోగా తోట ఎండిపోయింది.

ఆమె అడిగిన క్షణంలోనే అది నిజమేమోనని నాకూ తట్టింది. అయినా నలుగురినీ నవ్వించాను. ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, ఆమెకు కూడా.