తోకమాటలు

టాబితాను ఐజాక్ త్వైట్ పట్నంలోని అనాథాశ్రమం నుంచి తెచ్చుకున్నప్పుడు ఆమెకు ఆరేళ్ళు. ఐజాక్ కొండమీద గొర్రెలు పెంచే రైతు. ఆయన ఒక్కగానొక్క కూతురు రూత్ అంతకు ముందు చలికాలంలో గొంతువాపు జబ్బుతో పోయింది. అప్పటినుంచి ఆయన భార్య ఆగ్నెస్ వండుతుంది, వెన్న చిలుకుతుంది, ఆదివారం ప్రార్థనకు వస్తుంది. మనిషితో మనిషిలా మాట్లాడటం మాత్రం మానేసింది.

ఐజాక్ మంచివాడు, కాదనను. కానీ మంచితనం వేరు, తెలివి వేరు. గొర్రెల మధ్యే పుట్టి పెరిగిన ఆ మనిషి, కన్నతల్లి కడుపుకోతకు కూడా గొర్రెల వైద్యమే చేశాడు. ఆ కొండల్లో గొర్రెలు ఈనే కాలంలో అందరూ చేసే పనే అది. ఒక గొర్రెకు పిల్ల చచ్చిపోతుంది. ఇంకోచోట ఒక పిల్లకు తల్లి చచ్చిపోతుంది. చచ్చిన పిల్ల తోలు ఒలిచి, తల్లిలేని పిల్లకు చొక్కాలా తొడుగుతారు. గొర్రె వాసన చూసి తన బిడ్డే అనుకుని పాలిస్తుంది. రెండు మూడు రోజులకు తోలు తీసేసినా ఇక తరమదు.

ఐజాక్ ఇంటి ముందు బండి ఆపాడు. సంచిలోంచి రూత్ ఎర్రకోటు తీసి, ఈ పిల్లకు తొడిగి, బొత్తాలు పెట్టి, తలుపు తోశాడు.

పొయ్యి దగ్గరున్న ఆగ్నెస్ వెనక్కి తిరిగింది. ఒక్క క్షణం ఆ ముఖం ఎలా వెలిగిందో! టాబితా ఆ వెలుగును బతికినంతకాలం మరచిపోలేదు. తనను అలా ఇంకెవరూ ఎప్పుడూ చూడలేదు మరి. ఆగ్నెస్ చేతులు కూడా చాచింది. అప్పుడు కోటు పైనున్న ముఖం కనిపించింది.

"విప్పు!" అని అరిచింది. "ఎవరి కోటు ఎవరికి తొడిగావయ్యా? నీకు బుద్ధుందా? వాసన చూసి నాకడానికి నేనేమన్నా గొర్రెననుకున్నావా?"

పిల్ల హడలిపోయింది. ఆశ్రమంలో నేర్పి పంపిన మాట నోట్లోంచి వచ్చేసింది. "అమ్మా..."

"ఇంకోసారి ఆ మాట అన్నావంటే ఊరుకోను. అమ్మగారూ అను."

ఆ రోజునుంచి టాబితాకు లోకంలో ఒక్కటే కోరిక. ఆ మాట మళ్ళీ అనాలి, అన్నప్పుడు ఆమె ఊరుకోవాలి.

ఐజాక్‌కు తన తప్పు తెలిసింది. ఏం లాభం, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు! పిల్లను దగ్గరికి తీసి తనకు చేతనైనది ఇచ్చాడు. ఆయనకు చేతనైనవి గొర్రెలు, పాతమాటలు. చలికాలం సాయంత్రాలు ఓట్స్ రొట్టె కొరుకుతూ తోకమాటలు చెప్పేవాడు, చెప్పినవి మళ్ళీ అడిగేవాడు. చివర 'లింగ్' అనే తోక ఉన్న మాటలన్నమాట. చిన్న ప్రాణానికో, ఎవరో ఒకరి మీద ఆధారపడ్డ ప్రాణానికో ఆ తోక తగిలిస్తారనేవాడు.

"సక్లింగ్ అంటే?"

"పాలు మానని పిల్ల, పెద్దయ్యా."

"ఇయర్లింగ్?"

"ఏడాది నిండింది."

"ఫస్ట్‌లింగ్?"

"తొలిచూలు పిల్ల. స్టార్వ్‌లింగ్ అంటే తిండిలేక డొక్క ఎండింది. హైర్లింగ్ అంటే కూలి కోసమే మందను కాసేవాడు, తోడేలొస్తే పారిపోతాడు."

"నా తల్లే! పాదిరిగారి కంటే నువ్వే నయం."

దొరికిన బిడ్డను ఫౌండ్లింగ్ అంటారు. ఆ ఒక్కటీ ఐజాక్ ఎప్పుడూ నేర్పలేదు.

తొమ్మిదో ఏట ఒక ఆదివారం టాబితా ప్రార్థనలో గొంతెత్తి పాడింది. పక్కింటి మార్జరీ ముసలమ్మ నోరూరుకోక, "అచ్చం మన రూత్ పాడినట్టే ఉందే ఆగ్నెస్!" అంది. ఇంటికి రాగానే ఆగ్నెస్ పిల్లను ఎగాదిగా చూసి ఒకే మాట అంది. "చేంజ్‌లింగ్."

పిచ్చిపిల్ల! అమ్మగారి నోట తోకమాట వచ్చిందని ఎగిరి గంతేసి ఐజాక్ దగ్గరికి పరుగెత్తింది. "నన్ను చేంజ్‌లింగ్ అన్నారు పెద్దయ్యా! అంటే ఏంటి?"

ఐజాక్ గొర్రె కాలిగిట్ట గీరుతున్నాడు. తల ఎత్తలేదు. "అదా... కొండ మార్చిన పిల్ల. ఒక కొండ మీద పుట్టి, ఇంకో కొండ పచ్చికకి అలవాటు పడి బాగా పెరిగే పిల్ల తల్లీ."

మర్నాడు పొద్దున్నే టాబితా పాలచెంబు బల్లమీద పెట్టి, ముఖమంతా నవ్వు చేసుకుని, "అమ్మగారూ, మీ చేంజ్‌లింగ్ పాలు పితికేసిందండీ!" అంది. ఆగ్నెస్ ముఖం పాలిపోయింది. దొడ్లోకి వెళ్ళిపోయింది.

అసలు అర్థం ఉన్ని కత్తిరించే రోజుల్లో మార్జరీ చెప్పింది. "మాయదేవతలు తొట్లోంచి అసలు బిడ్డను ఎత్తుకుపోయి, దాని చోట వాళ్ళ మాయపిల్లని పడుకోబెడతారే. అదీ చేంజ్‌లింగ్ అంటే. ఎవరన్నారే నిన్ను?"

"ఎవరూ అనలేదు," అంది టాబితా. ఐజాక్‌తో కూడా తనకు తెలిసిందని చెప్పలేదు. పాపం, అబద్ధమాడిన ఆ ముసలాయన మనసెందుకు కష్టపెట్టడం అనుకుంది.

కొన్నేళ్ళకు ఐజాక్ చనిపోయాడు. టాబితాను పెళ్ళి చేసుకుంటానని కింది లోయలోంచి ఒక మేస్త్రీ రెండేళ్ళు తిరిగాడు. "అమ్మగారిని ఎవరు చూసుకుంటారు?" అని పంపేసింది. మంద చూసింది, గోడలు కట్టింది, ఆగ్నెస్ కీళ్ళకు నూనె రాసింది. అమ్మగారూ టీ, అమ్మగారూ దుప్పటి, అమ్మగారూ గాలి తగులుతుంది తలుపు వెయ్యనా? ముప్ఫై ఏళ్ళు ఇలాగే గడిచాయి.

ఆగ్నెస్ మంచం పట్టింది. ఒక మధ్యాహ్నం టాబితా దిండు సర్దుతుంటే ముసలామె ఆమె మణికట్టు పట్టుకుంది.

"నిన్నొక మాటన్నాను చిన్నప్పుడు."

"ఏమో, నాకు గుర్తులేదండీ."

"గుర్తుంది నీకు. తొట్లో మారింది నువ్వు కాదే పిల్లా, నేను. రూత్ పోయిన రోజునే దాని అమ్మని కూడా ఎవరో ఎత్తుకుపోయారు. మిగిలిన ముండే నీ పాలబడింది." కాసేపు ఊపిరి తీసుకుంది. "నిన్ను ప్రేమిస్తే రూత్‌కెవరూ ఉండరనుకున్నాను. ఎంత తెలివితక్కువదాన్ని! ఇప్పుడను. మొదటిరోజు అన్నావే, ఆ మాట. నాకు వినాలనుంది."

టాబితా దిండు వదిలేసింది. ఈ ఒక్క మాట కోసమే కదా ఇన్నేళ్ళూ కాచుకుని కూర్చుంది! నోరు తెరిచింది. పెదవులు కదిలాయి. మాట రాలేదు. ఎంత లాగినా రాలేదు. దాన్ని మింగి మింగి అలవాటైపోయిన గొంతు అది.

ఆగ్నెస్ ఆమె నోటివంక చూస్తూనే ఉంది, ఆకలిగొన్నదానిలా.

"అమ్మ..." అంది టాబితా. ఆ మీద నాలుక తనకు తెలిసిన దారినే పోయింది. "...గారూ, పాలు వేడి చెయ్యనా?"

ముసలామె మణికట్టు వదిలేసింది. "సరేలే," అంది. "చెయ్యి." గోడవైపు తిరిగి పడుకుంది.