రాని భాషలో చదివిన రాయి

ఇరవై రెండేళ్ల వయసులో నాకు తెలియని విషయమంటూ లోకంలో ఉండేది కాదు. తెలియనివన్నీ ఆ తర్వాతే ఒక్కొక్కటిగా వచ్చి చేరాయి. ఆ ధీమాతోనే డెబ్బైల నడుమ ఏలూరు నుంచి మస్కట్ వెళ్లి, ఒక నిర్మాణ కంపెనీలో టైమ్‌కీపర్‌గా కుదిరాను. పని తేలికే (ఎవరు డ్యూటీకి వచ్చారో, వచ్చి ఎవరు నీడలో నిద్రపోయారో రాసుకోవడం). కానీ మనసంతా రేవు పక్క కొండ మీద, పోర్చుగీసువాళ్లు మూడు వందల ఏళ్ల కిందట వదిలిపోయిన కోట మీదే ఉండేది. అందులో వాళ్ల పాత చర్చి ఒకటుందని, దాని రాతి మీద ఏదో చెక్కి ఉందని విన్న రోజు నుంచి నాకు అన్నం సయించలేదు. చూద్దామంటే అది సైనికుల కోట. మాలాంటివాళ్లను గేటు దగ్గరకే రానివ్వరు.

దేవుడి దయవల్ల కోటలో నీళ్ల తొట్టి బీటలు వారింది! ఆ మరమ్మతు మా కంపెనీకే వచ్చింది. గేటు దగ్గర తెల్లగడ్డం హవల్దారు నిలబడ్డాడు. బలూచీ పెద్దాయన, ఉర్దూ ధారాళంగా మాట్లాడేవాడు. మా కరీంనగర్ మేస్త్రినీ కూలీలనూ లోపలికి పంపి, చేతిలో రిజిస్టరు తప్ప మరేమీ లేని నన్ను ఆపేశాడు. "తుమ్ కిస్ కామ్ కా?" అన్నాడు. నువ్వెందుకు పనికొస్తావని. (మా నాన్నగారూ సరిగ్గా ఇదే అడిగేవారు.) నా నోరు నన్నడక్కుండానే, "చర్చి రాతి మీద రాత చదవగలను సాబ్, పాద్రీల బడిలో చదువుకున్నాను" అనేసింది.

ఆయన కళ్లు మెరిశాయి. ముప్పై ఏళ్లుగా ఆ రాతి ముందు తిరుగుతున్నాడట, అందులో ఏముందో చెప్పే నాథుడే దొరకలేదట. "చలో! లేకిన్ ఝూట్ నిక్లా తో ఖలాస్, సీదా హిందుస్తాన్!" అంటూ అరచేతిని విమానంలా పైకి లేపాడు. అబద్ధమని తేలితే ఇంటికే. అయినా నా కాళ్లు నేల మీద ఆనితేనా! మేస్త్రి నా చొక్కా పట్టి గుంజాడు.

"ఏం పంతులూ, గా రాత నీకు నిజంగ వస్తదా?"

"రాదండీ మేస్త్రి గారూ."

"నీ నోట్ల మన్నువడ! మరెట్ల చదువుతవ్‌రా?"

"ముందు లోపలికైతే వెళ్దాం పదండి!"

"వచ్చి రెండు నెల్లు గాలె. ఇంటికి వోయి మీ నాయినకు ఏం చెప్తవ్?"

నాన్నగారి మొహం కళ్ల ముందు మెదిలింది. కానీ కాళ్లు రెండేసి మెట్లు ఎక్కేస్తూనే ఉన్నాయి. గోపురం, గంటలు ఊహించుకున్నానా, తీరా చూస్తే కప్పు లేని చిన్న గది. మా ఇంటి వంటగదికి కాస్త పెద్దది. అయితేనేం, ఒళ్లు పులకరించింది. అలవాటు కొద్దీ చెప్పులు గడప బయటే వదిలాను. బండలు పెనంలా కాలుతున్నాయి. నేను గెంతుతుంటే అదీ పూజలో భాగమే అనుకుని హవల్దారు కూడా బూట్లు విప్పేశాడు. ఆయన్ని చూసి మేస్త్రీ విప్పాడు. ముగ్గురం గెంతుకుంటూ రాతి ముందుకు చేరాం.

ఇంగ్లీషు అక్షరాలే, కానీ మొదటి మాట ఎలా తిప్పినా అర్థం కాలేదు. "పెట్టె సదురుకో" అని వెనక నుంచి మేస్త్రి గొణిగాడు. చెమటలు తుడుచుకుని రెండో మాట చూశాను. మరియా! అంతే, మా బడి గుర్తొచ్చింది. రోజూ పొద్దున సిస్టర్లు మా చేత మరియమ్మ ప్రార్థన చెప్పించేవారు (నా ధ్యాస క్యారియర్‌లోని ఆవకాయ మీదే ఉన్నా నోటికి వచ్చేసింది). రాతి మీద వేలు పెట్టి, అదే రాగంతో మొత్తం తెలుగులోనే ఒప్పజెప్పాను. ఆ తర్వాత వచ్చీరాని హిందీలో, "మరియా, నీకు దండం. దేవుడి దయ నీలో నిండి ఉంది, ఆయన నీతోనే ఉన్నాడు అని రాసుంది సాబ్" అన్నాను.

హవల్దారు గెంతడం ఆపేశాడు. "మర్యం? హమారీ బీబీ మర్యం?"

మా బడి మరియమ్మ ఆయనకెలా తెలుసో నాకు అంతుపట్టలేదు. మేస్త్రే అందుకుని, "జీ సాబ్, వహీ!" అని, నా చెవిలో "వాళ్ల ఖురాన్ల గూడ ఉన్నదిరా గా తల్లి" అన్నాడు. పెద్దాయన గుండె మీద చెయ్యి వేసుకుని, మరో చేత్తో ఆ అక్షరాలను మెల్లగా తడిమాడు. కళ్లు చెమర్చాయి. ఇన్నేళ్లూ పరాయివాళ్ల రాత అనుకుని దానికే వీపు ఆనించి సిగరెట్లు తాగానని లెంపలేసుకున్నంత పని చేశాడు. మాకు ఖావా అనే వాళ్ల కాఫీ, ఖర్జూరాలు తెప్పించాడు. నేను మాత్రం నా ఖర్జూరాన్ని మేస్త్రి చేతిలో పెట్టేశాను. ముసలాయన్ని మోసం చేశానని సిగ్గేసింది. వచ్చేముందు ఆ అక్షరాలన్నీ రిజిస్టరు చివరి పేజీలో ఎక్కించుకున్నాను.

చాలా ఏళ్లకు ఆ పేజీని ఏలూరులో మా బడి ఫాదర్‌గారికి చూపించాను. ఆయన కళ్లజోడు సవరించుకుని, "లాటిన్ బాబూ. మరియా, నీకు వందనం. దైవకృపతో నిండినదానా, ప్రభువు నీతో ఉన్నాడు. అంతే, నువ్వు చిన్నప్పుడు రోజూ చెప్పిందే కదా!" అన్నారు.

కుర్చీలో కూలబడి చాలాసేపు నవ్వాను. పరుగున వెళ్లి హవల్దారుకి చెప్పాలనిపించింది. కానీ చెప్పడానికేముంది? అది నిజమని ఆయనకు ఆ రోజే తెలుసు. అన్నీ తెలిసిన నాకే తెలియలేదు.