నడిగోదాట్లో మెమరీ అయిపోయింది

పొరపాటేంటండీ పొరపాటు? రెండేళ్ల నుంచీ మా వాళ్లందరిదీ ఇదే పాట. "ఏదో తెలీక చేసేడు, పోనియ్యవే!" తెలీకపోతే ఊరుకోవాలి. తెలీకుండా నా కంప్యూటర్ జోలికి రావడమేంటి?

నేను హైదరాబాద్ పిల్లని. ఆ వేసవి సెలవులకి అమలాపురంలో పెద్దమావయ్య ఇంటికి వచ్చాను. మస్కట్‌లో పనిచేసే చిన్నమావయ్య కూడా వచ్చాడు. వస్తూ నాకో హోమ్ కంప్యూటర్ తెచ్చాడు. టీవీకి తగిలిస్తే తెర మీద అక్షరాలొస్తాయి. రాసిన ప్రోగ్రామ్ దాచుకోడానికి టేప్‌రికార్డర్, మామూలు పాటల క్యాసెట్టు.

నేనందులో ఒక ఆట రాశాను. ముక్తేశ్వరం రేవులో గోదావరి దాటించే పంటు బయల్దేరి, ఇసక మేటలు తప్పించుకుంటూ కోటిపల్లి చేరాలి. మావయ్య మస్కట్ వెళ్లిపోయేలోపు ఆయన చేత ఆడించాలని నా పంతం. పంటు నడిగోదాట్లోకి వెళ్లేది, అక్కడ మెమరీ చాల్లేదని తెర మీద పడేది. అవతలి ఒడ్డు గియ్యడానికి చోటే లేదు.

పెద్దమావయ్య కొడుకు, మా బావ, బీయస్సీ. ఆ ఇంట్లో రేడియో పలక్కపోయినా, గేదె మేత మానేసినా అతన్నే అడుగుతారు. నేనూ అడిగాను, నా ఖర్మ.

"మెమరీ అంటే క్యాసెట్టేనే మరదలా. నీది అరవై నిమిషాలది. తొంభైది కొంటే సరి."

"అంతేనంటావా?"

"ఆయ్! నువ్వా ఫోను కింద పెడితే కదా నీకేదైనా తెలిసేది."

నిజమే, హాల్లో నల్ల ఫోను పొద్దస్తమానం నా చేతిలోనే ఉండేది. హైదరాబాద్ స్నేహితురాళ్లతో కబుర్లకి.

మర్నాడు నేను బజారుకెళ్లొచ్చేసరికి బావ పని కానిచ్చేశాడు. రెండు టేప్‌రికార్డర్లు ఎదురెదురుగా పెట్టి, నా ప్రోగ్రామ్‌ని తొంభై నిమిషాల క్యాసెట్లోకి ఎక్కించాడు. దాంతోపాటు పెరట్లో కాకి అరుపూ, "పప్పు మాడిపోతోందే" అని అత్తయ్య కేకా ఎక్కాయి. కంప్యూటర్‌కి ఒక్క ముక్క అర్థం కాలేదు. పోనీ పాత క్యాసెట్టుంది కదా అని పెట్టాను. ప్రోగ్రామ్ కీచుమని వినపడాల్సిన చోట బావ గొంతు! ఇంక దాంతో పనిలేదనుకుని, దాని మీద పద్యాలు పాడుకున్నాడు. రాగం తీసి మరీ.

"పోతే మళ్లీ రాసుకో. మెమరీ లేనిది దానికా, నీకా?" అన్నాడు. అందరూ నవ్వారు. చిన్నమావయ్యా నవ్వాడు. అక్కడ మండింది నాకు.

ఫోనందుకున్నాను.

"మళ్లీ మీరేనాండీ అమ్మాయిగారూ?" అంది ఎక్స్ఛేంజ్ ఆవిడ.

"నేనేనండీ. హైదరాబాద్‌కి ట్రంక్ కాల్."

కంప్యూటర్లు అమ్మే షాపతను చెప్పింది విని నా మీద నాకే కోపమొచ్చింది. క్యాసెట్టు ఉత్త బీరువా అట. మెమరీ అంటే మెషీన్ లోపల పనిచేసుకునే బల్ల. బల్ల చాలకపోతే బీరువా ఎంత పెద్దదైతే ఏం? మెషీన్ వెనకాల సందులో మెమరీ డబ్బా గుచ్చాలి, అదీ కరెంటు తీసేశాకే. నాన్నకీ ఫోన్ చేస్తే, ఆ డబ్బా కొని అమలాపురం బస్సు డ్రైవర్ చేతికిచ్చి పంపాడు.

గుచ్చాను. ఆట మొత్తం బుర్రలోంచే మళ్లీ కొట్టాను, ఒక చిన్న మార్పుతో.

చిన్నమావయ్య ప్రయాణం ముందురోజు అందర్నీ టీవీ ముందు కూచోబెట్టాను. పంటు బయల్దేరింది. అందులో ఒకే ఒక్క ప్రయాణికుడు, పేరు బావ. నడిగోదాట్లో పంటు ఆగి, బరువెక్కువైందంది. మీట నొక్కితే బావ బుడుంగున మునుగుతాడు. మునిగితేనే కోటిపల్లి రేవు కనపడుతుంది. చిన్నమావయ్య నవ్వి నవ్వి కళ్లనీళ్లు తుడుచుకుంటూ నొక్కాడు. మళ్లీ ఆడతానన్నాడు. వీధి పిల్లలు వరస కట్టారు.

"తీసెయ్యవే, పరువు పోతోంది" అన్నాడు బావ.

"కొత్త మెమరీ బావా. ఇంకా బోలెడు చోటుంది."

తప్పయిందని ఒక్క మాటంటే తీసేసేదాన్ని. ఇవాళ్టికీ అనలేదు. ప్రతి సెలవులకీ వెళ్లి ముంచుతూనే ఉన్నాను. ఇంకా పగేంటే అంటున్నారు అందరూ. మీరు చెప్పండి, మీ పంటు మీద పద్యాలు పాడి, పైగా మిమ్మల్నే వెక్కిరించిన మనిషిని మీరైతే ఒడ్డుకి చేరుస్తారా?