సత్తార్ సారు దిక్కులు

బెల్లంపల్లి బొగ్గుగనుల పిల్లలకు భూగోళం చెప్పే సత్తార్ సారు నోట 'కుడి', 'ఎడమ' అన్న మాటలు విన్నవారు లేరు. ఆయన లోకంలో ఉన్నవి దిక్కులే.

"కొండల్, పడమటి మీసం జర పొడుగుంది" అనేవారు మంగలి దుకాణంలో.

"కుర్సీ తిప్పిన గద సారూ! ఇప్పుడు గదే తూర్పు మీసమైంది."

"అయితే తూర్పుదే కత్తిరించు. మీసం నాది, దిక్కు అల్లాది."

ఖానాపూర్ పెండ్లి విందులో "వాయవ్యానికి జర పప్పు" అన్నారట. వడ్డించేవాడు గిన్నె పట్టుకొని పందిట్లోంచి బయటికొచ్చి సూర్యుణ్ని వెతికాడు.

బడిలో భారతదేశ పటం ఉత్తరపు గోడకే వేలాడాలి. మరో గోడకు కడితే గోదావరి వెనక్కు పారుతుందని మేకు పీకేవారు. లెక్కల కైలాసం సారుకు ఈ పిచ్చి నిత్య వినోదం.

"సత్తార్ భాయ్, మీ పంటినొప్పి ఏ అక్షాంశం మీదున్నది?"

"కర్కటరేఖకు జర దక్షిణాన, సాబ్!"

ఆ ఏడు తనిఖీకి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. నల్లబల్ల చూడలేని పిల్ల పేరు హాజరుపట్టీలోంచి కొట్టివేయాలని ఏ చట్టమూ చెప్పలేదు. చట్టం చెప్పడానికి సిగ్గుపడిన క్రూరత్వాన్ని ఆచారం నిస్సిగ్గుగా అమలు చేసేది.

"నువ్వు. గోదావరి చూపు" అంటూ ఇన్‌స్పెక్టరు గని కార్మికుడు రాయమల్లు బిడ్డ దుర్గవ్వ వైపు వేలు చూపాడు. ఆమె కదలలేదు.

"తూర్పు బెంచీల గోడపక్క పిల్లా, లే బిడ్డా" అన్నారు సత్తార్ సారు. "ఉత్తరానికి నడువు."

దుర్గవ్వ తడబడకుండా నడిచి పటం మీద చేయి పెట్టింది. తలుపు దగ్గర నిలబడ్డ కైలాసం సారు నవ్వబోయి ఆగిపోయారు. ఆమె కళ్లు పటం మీద లేవు, కిటికీ వైపున్నాయి. వేలు మాత్రం గోదావరి పొడవునా బంకతో అంటించిన సన్నని నూలుదారం వెంట సాగుతోంది.

"గిది భైంసాకు దక్షిణం... గిది ఖానాపూర్‌కు... గీడ మన బెల్లంపల్లికి దక్షిణం. ఇగ తూర్పున సముద్రం."

"శభాష్" అని ఇన్‌స్పెక్టరు పక్క తరగతికి వెళ్లాడు.

వరండాలో కైలాసం సారు మెల్లగా అడిగారు: "దుర్గవ్వకు కండ్లు కనవడయా? ఏడాది సంది లెక్కలు చెప్తున్న, నాకే తెల్వలే!"

"ఎలుతురు తప్ప ఏం ఆనదు, సాబ్. బయటవడితే బడి బందయితది. కుడి ఎడమలు మనిషితోని తిరుగుతయి, దిక్కులు తిరగయి. ఆమెకొక్కదానికే చెప్తే పట్టేస్తరని అందరికి చెప్పిన."

"మరి మంగలి దుకాణంల, పెండ్లిల?"

"బడిలనే అంటే పోరగాండ్లకు అనుమానం రాదా? ఊరంతట పిచ్చోడన్నరు. ఫికర్ లేదు."

మధ్యాహ్నం కైలాసం సారు నల్లబల్ల మీద త్రిభుజం గీశారు. ఎప్పుడూ మౌనంగా గీసే మనిషి ఆనాడు గొంతెత్తారు. "ఉత్తరపు కొన 'క'. ఆగ్నేయపు కొన 'చ'. అక్కడినుంచి గీత సీదా పడమరకు..."

వెనక బెంచీలో గుసగుస: "అరే, గీ సారుకు గూడ అంటుకుందిరా!"

"అంటుకుంది" అన్నారు కైలాసం సారు, సుద్దముక్క ఆపకుండానే. "నైరుతి మూల, జర నోరు మూసుకొని రాసుకో."