మడి వంటింట్లో మోతీ

అత్తమ్మ ఎండుమిరపకాయలతో దిష్టి తీస్తే మోతీ లేచి నడిచిందని మా ఇంట్లో అందరూ చెప్తారు. శుద్ధ అబద్ధం. నడిపించింది డాక్టరు మందు.

మద్రాసు ఆంధ్రులదా అరవలదా అని ఊరంతా పోట్లాడుకుంటున్న రోజులవి. రాయపురంలో మా కుక్క మోతీకి వెనక కాళ్ళు పడిపోయాయి. పేడపురుగుల్ని తిన్నందువల్ల ఒంట్లో పురుగులు చేరి వెన్నుపూసల్ని పాడు చేశాయన్నాడు పశువుల డాక్టరు. ఆయనిచ్చిన మందు రోజూ బెల్లంలో పెట్టి మింగించాను. అత్తమ్మ దిష్టి అత్తమ్మ తీశారు. ఎదురింటాయన మాత్రం మోతీ పిచ్చికుక్క అని కార్పొరేషన్‌లో చెప్పొచ్చాడు.

కుక్కలబండి రానే వచ్చింది. పిచ్చిది, పట్టుకుపోవాల్సిందే అన్నాడు బండివాడు. "ఎవర్నైనా కరిచిందా? బి.ఏ. చదివినదాన్ని, నాకు చెప్తావా?" అన్నాను.

"చదివింది మీరు గదమ్మా, కుక్క కాదే" అన్నాడు బండివాడు. వీధంతా నవ్వింది. అతను ఉచ్చు తీశాడు.

అది చూడగానే మోతీ లేచింది. తూలుకుంటూ నాలుగు కాళ్ళమీదా పరుగెత్తి వంటింట్లో దూరింది. కుక్క తగిలితే తలస్నానం చేసే అత్తమ్మ అక్కడ మడికట్టుకుని వంట చేస్తున్నారు. ఆవిడ దాన్ని ఒళ్ళోకి లాక్కుని, "పిచ్చిదైతే ఇట్లా పడుకుంటుందా? ఇది ఈడే ఉంటుంది. నా మడి వంటింట్లోకి ఎవడొస్తాడో రమ్మనవే" అన్నారు.

ఎవడూ రాలేదు. బండి ఖాళీగా పోయింది.

మందా దిష్టా అని మేమిద్దరం ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నాం. అది సరే అత్తమ్మా, ఆ పూట తలస్నానం చేయకుండానే అందరికీ వడ్డించారే, ఎందుకు?