మాస్టారు రాసుకున్న రెండు ముక్కలు

మాస్టారు పోయారన్న కబురు మంగళవారం పొద్దున మా ఆవిడ ఫోన్‌కి వచ్చింది. నా ఫోన్‌కి రాలేదు. ఆయనతో నాకు తొమ్మిదేళ్ళ స్నేహం, మా ఆవిడతో సరిగ్గా మాటలు కలిసింది రెండేళ్ళ కిందటే. అయినా మాస్టారి అమ్మాయి ముందు తనకే చేసింది. "అక్కా, నాన్నగారు నిద్రలోనే వెళ్ళిపోయారు" అందట. నేనప్పుడు ఇంట్లోంచే ఆఫీస్ మీటింగ్‌లో ఉన్నాను. మ్యూట్ చేసి మా ఆవిడ చెప్పింది విన్నాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ వెనకాలే, నాకెందుకు చేయలేదన్న ఉక్రోషమూ వచ్చింది. ఆయన గురించి రాస్తూ ఆ సంగతి దాచడం నాకిష్టం లేదు.

అమెరికాలో, షాంటిలీ అనే ఊళ్ళో, మా టౌన్‌హౌస్ వరసలోనే, మూడు గుమ్మాల అవతల కూతురింట్లో ఉండేవారాయన. కోస్తాలో ఒక కాలేజీలో ముప్పయ్యేళ్ళు ఇంగ్లీషు పాఠం చెప్పి రిటైరయ్యారు. లైబ్రరీలో ఊరికే ఇచ్చే బొటనవేలంత పెన్సిళ్ళు ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ నాలుగైదు ఉండేవి. ఇండియన్ స్టోర్ వాళ్ళ సేల్ కాగితాల వెనక వాటితో రాసుకునేవారు. కవిత్వమని ఫోన్ చేతికిస్తే తీసుకునేవారు కారు. "చూపించకయ్యా, వినిపించు" అని కళ్ళు మూసుకునేవారు. నచ్చిన పద్యం ఏదైనా ఆయనకు రెండో రోజుకల్లా నోటికి వచ్చేసేది. సాయంత్రం నాతో నడుస్తూ అవన్నీ అప్పజెప్పేవారు.

నేను పద్యాలు రాస్తాను. చుట్టుపక్కల తెలుగు సభల్లో నాకు శాలువాలు కప్పారు. తొమ్మిదేళ్ళు ఆయన పక్కన నడిచాను. ఎవరెవరి పద్యాలో ఆయన నోట విన్నాను. నాది ఒక్కటీ వినలేదు. నేను కోరుకున్నది అదొక్కటే.

రెండేళ్ళ కిందట ఆయన లైబ్రరీ నుంచి ఒక పాత పుస్తకం తెచ్చారు. ఒక ఐరిష్ కవి ఇరవయ్యేళ్ళ వయసులో రాసిన పద్యనాటకం. ముసలి రాజు, పడవ నడిపే ఆడమనిషి, ఇద్దరే పాత్రలు. చచ్చిపోయిన కొడుకును చూడడానికి తనను అవతలి ఒడ్డుకు చేర్చమని రాజు ఆమెను బతిమాలుతాడు. అంతే కథ. అది రాసిన కుర్రాడి మీద మాస్టారికి ఎంత ముద్దో చెప్పలేను. "మొదటి అంకం నిండా తనకెంత వచ్చో చూపించుకోవాలన్న తొందరేనయ్యా. రెండో అంకంలో ఆ సంగతి మర్చిపోయాడు, అక్కడ కవి అయ్యాడు" అని మురిసిపోయేవారు. తప్పులున్నా ముద్దే. ఇరవయ్యేళ్ళకి నేను హాస్టల్లో కూర్చుని సి ప్రోగ్రాములు బట్టీ పడుతున్నాను. నేను పుట్టకముందే పోయిన ఆ ఐరిష్ కుర్రాడి మీద నాకు ఒళ్ళు మండిందంటే నవ్వకండి.

"దీన్ని తెలుగులో ఆడదామయ్యా, పద్యాలు నువ్వు రాయి" అన్నారు. నా పంట పండిందనుకున్నాను. మూడు వారాలు ఆఫీస్ పని పక్కన పెట్టి మరీ రాశాను.

ఒక ఆదివారం మా డైనింగ్ టేబుల్ దగ్గర చదివి వినిపించాను. మా ఆవిడ ఆ చివర కూర్చుని బెండకాయలు తరుగుతోంది. మాస్టారు కళ్ళు మూసుకుని అంతా విన్నారు.

"గణం ఎక్కడా తప్పలేదు" అన్నారు. నేను ఇంకేదో అంటారని చూశాను. "రాజుకి సరిపోతాయి. పడవ మనిషి మాత్రం ఇలా మాట్లాడదయ్యా."

మా ఆవిడ వైపు తిరిగి నాలుగు మాటల్లో కథ చెప్పారు. "నువ్వే ఆ పడవ దగ్గరుంటే రాజుకేం చెబుతావమ్మా?" అని అడిగారు.

తను కత్తి ఆపలేదు, తల ఎత్తలేదు. "ఏం చెబుతానండీ. అవతల దింపుతాను. మళ్ళీ తీసుకురావడం మాత్రం నా చేత కాదు."

మాస్టారు జేబులోంచి పెన్సిల్ తీశారు. సేల్ కాగితం తిప్పి ఆ రెండు ముక్కలూ రాసుకున్నారు. తొమ్మిదేళ్ళలో నా మాట ఒక్కటైనా ఆయన రాసుకోగా నేను చూడలేదు.

"మాస్టారూ, అందులో ఛందస్సు ఏదీ?" అన్నాను.

"ఊపిరి పీల్చుకునే చోటుందయ్యా. నాకు చాలు."

పడవ మనిషి వేషం కూడా మా ఆవిడకే ఇచ్చారు. ఆ బెండకాయ కూర నాకు సహించలేదు. వారం రోజులు ముభావంగా తిరిగాను. మా ఆవిడ ఒకటి రెండుసార్లు అడిగి, తన ఆఫీస్ ఆన్‌కాల్ డ్యూటీ గొడవలో పడి వదిలేసింది. అదింకా కోపం తెప్పించింది.

ఉగాది కార్యక్రమంలో మాకు పదిహేను నిమిషాలు దొరికాయి, పిల్లల డాన్సులకీ భోజనాలకీ మధ్య. పద్యనాటకమంటే వన్స్ మోర్ పడాలి, అది పడితేనే పాడినవాడికి పరువు. నేను నా కొలీగ్‌ని మూడో వరసలో కూర్చోబెట్టాను. హైదరాబాద్ పిల్లాడు, పద్యనాటకం ఎప్పుడూ చూసి ఎరగడు. "నా పద్యం అయిపోగానే గట్టిగా వన్స్ మోర్ అను" అని చెప్పాను. మాస్టారికి ఈ ఏర్పాటు తెలియదనుకున్నాను.

రాజు వేషంలో పద్యం ఎత్తుకున్నాను. చివర రాగం తీశాను. ఇంకా తీశాను. మూడో వరస నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఊపిరి అందక ఆపేశాను. అప్పుడు మా ఆవిడ ఆ రెండు ముక్కలూ కూర తరుగుతూ చెప్పినట్టే చెప్పింది. ప్లేట్ల కోసం లేచిన వాళ్ళు కూడా నిలబడిపోయారు. ఆ నిశ్శబ్దంలో మూడో వరసలో మావాడు లేచి "వన్స్ మోర్" అన్నాడు.

మా ఆవిడ ఒక్క క్షణం తడబడి, మళ్ళీ అదే మాట అంతే మామూలుగా చెప్పింది. ముందు వరసలో ఎవరో పెద్దావిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

భోజనాల దగ్గర మావాణ్ణి నిలదీశాను. "నీది అయిపోయిందో లేదో నాకెట్ల తెలుస్తదన్నా? సాగదీస్తనే ఉన్నవ్. వదిన చెప్పినంక హాలంతా గప్‌చుప్ అయింది. ఇదే కావచ్చు అనుకున్న" అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు కార్‌లో మాస్టారు ముందు సీట్లో కూర్చున్నారు. మా ఆవిడ వెనక నిద్రపోతోంది. "ఆ వన్స్ మోర్ నువ్వే పెట్టించావు కదూ" అన్నారు. నేను సిగ్నల్ వేసి లేన్ మారాను. "కాలేజీలో నేనూ పెట్టించుకునేవాణ్ణి. ప్రతిసారీ సరిగ్గానే అరిచేవాళ్ళు. అందుకే నాకు ఏ పద్యం బావుందో చాలా ఏళ్ళు తెలియలేదు" అన్నారు. ఓదార్చారో, చివాట్లు పెట్టారో తెలియలేదు గానీ, ఆ మాట అన్నందుకు ఈ రోజుకీ ఆయనకు దణ్ణం పెట్టుకుంటాను.

పోయిన నెల ఆయన మంచం దిగడం మానేశారు. మాట పడిపోయింది. వాళ్ళమ్మాయి "వచ్చి ఏదైనా చదవండి, వింటారు" అంటే నాటకం కాగితాలు పట్టుకెళ్ళాను. ఒక్కణ్ణే వెళ్ళాను. మా ఆవిడ వస్తానంది, నీకు ఆఫీస్ ఉంది కదా అన్నాను.

రాజు పద్యాలు రాగం లేకుండా చదివాను. నిజానికి బాగానే చదివాను. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నారు, ముఖంలో ఏ కదలికా లేదు. పడవ మనిషి దగ్గరికి వచ్చాను. అవతల దింపుతాను, అని మొదలుపెట్టగానే ఆయన పెదవులు కదిలాయి. గొంతు లేదు. నాకంటే అర మాట ముందే వెళుతున్నాయి.

వెనక్కి వెళ్ళి నా పద్యం మళ్ళీ చదివాను. పెదవులు కదలలేదు. ఇంకోటి చదివాను. కదలలేదు. ఆ తరవాత మా ఆవిడ మాటలే చదివాను, ఎన్నిసార్లో లెక్కపెట్టలేదు.

ఇంటికొస్తే "మాస్టారు ఎలా ఉన్నారు, ఏమైనా గుర్తుపట్టారా?" అని అడిగింది. నిద్రపోతున్నారని చెప్పాను. తనకి ఇది నేను రాస్తున్న ఈ కాగితం చదివితేనే తెలుస్తుంది. నువ్వన్న రెండు ముక్కలూ ఆయన నోటికి వచ్చాయి. ప్రతిసారీ చివరి మాట దాకా వెళ్ళి, నేను మళ్ళీ మొదలుపెట్టేదాకా, ఆయన పెదవులు కొంచెం తెరుచుకునే ఉన్నాయి.