అక్క కాలి నరం

జనగామలో ఫిజియోథెరపీ చేసే అమ్మాయి నా మోకాలి వెనక మందు రుద్దుతుంటే ఆ ఘాటుకు కళ్లు చెమర్చాయి. "ఇక్కడ టెండన్ బిగుసుకుంది మేడమ్" అంది. ఇంటికొచ్చి నిఘంటువు చూస్తే స్నాయువు అని ఉంది. మా చిన్నప్పుడు దానికంత పేరు లేదు. కాలు మెలిపడితే పట్టేసేదీ నరమే, కోపమొస్తే నాయిన మెడ మీద ఉబ్బేదీ నరమే, మేక కాళ్లలో తెల్లగా సాగేదీ నరమే.

పాలకుర్తి దగ్గర మా ఊళ్లో దసరా మర్నాడు అవ్వ మేక కాళ్లను కట్టెల మంట మీద కాల్చి, ఆ కమురు వాసన వాకిలంతా కమ్ముతుండగా కత్తితో గీకి, మిరియాలు, ధనియాలు దంచివేసి, పొద్దు వాలేదాకా షోర్వ మరిగించేది. నరాలు మెత్తబడ్డాక మొదటి గిన్నె సుజాతక్కకే. మా పెద్దనాయిన కూతురు, నాకన్నా రెండేళ్లు పెద్ద, బడిలో అందరికన్నా వేగంగా పరుగెత్తేది. నేను గిన్నె చాపితే అవ్వ, "నీకెందుకే? నువ్వేమన్న ఉరుకుతవా? దాని నరాలు గట్టిపడాలె" అనేది. ఊరంతా అక్క పిక్కబలం ముచ్చటే. నేను పత్తిచేను గట్ల మీద ఒంటరిగా పరుగెత్తి, ఆయాసపడి, నా సన్నటి పిక్కలు తడిమి చూసుకొని ఏడ్చేదాన్ని.

ఒక ఏడు జిల్లా పోటీలకు ముందురోజు అక్క నన్ను కొట్టం వెనక్కి పిలిచింది.

"తొడ ఎనక నరం గుంజుతాంది. అవ్వకు ఎర్కైతే పోనియ్యది. ఎవ్వలకు చెప్పకు."

తలూపాను. రహస్యం కాపాడాలని కాదు, ఆమె ఓడిపోతే చూడాలని.

సగం దూరంలో అక్క తొడ పట్టుకొని మట్టిలో కూలింది. లేవబోయి మళ్లీ పడింది. నాలో మంట చల్లబడింది. ఆ చల్లదనం ఇంటికి చేరేదాకా కూడా నిలవలేదు. నరం తెగిందని దవాఖానలో చెప్పారు. అక్క మళ్లీ పరుగెత్తలేదు. మరుసటి దసరాకు అవ్వ మొదటి గిన్నె నాకిస్తే తాగకుండా పక్కన పెట్టేశాను.

ఇప్పుడు అవ్వ లేదు, ఆ పొయ్యి లేదు. మేక కాళ్లు దుకాణంలోనే గ్యాస్ మంట మీద కాల్చి, ముక్కలు కొట్టి ఇస్తున్నారు. అక్క భూపాలపల్లిలో కొద్దిగా కుంటుతూనే ఆడపిల్లలకు పరుగు నేర్పుతోంది. మొన్న ఫోన్ చేసి నా కాలి నొప్పితో పాటు అదీ చెప్పేశాను.

"అక్కా, గారోజు నేను కావాల్ననే అవ్వకు చెప్పలే."



"నాకెర్కనే. ఉరకనని సార్లకు చెప్పనీకి మొఖం చెల్లలే. వద్దన్నా నువ్వు అవ్వకు చెప్తవు, అవ్వ ఆపుతదనుకున్న. సరే తియ్యి, ఇప్పుడు నీ కాలెట్లున్నది చెల్లె?"

అంతా తెలిసీ ఇన్నేళ్లు నన్ను చెల్లె అని పిలిచిన ఆ మనసు నాకెందుకు లేకపోయిందా అని, ఈ వయసులోనూ ఆమె మీద అసూయే కలిగింది.